నాన్న రేడియో లైసెన్సు పుస్తకం దొరికింది. ఎనభైల నాటి మీ ఇంటి సంగతులు చెప్పండి

పాతపెట్టె | ఆదివారం, ఉదయం 7:40

అమ్మ పాత ఇత్తడి గిన్నెలు కావాలంటే నిన్న అటక మీది ఇనప్పెట్టె దించాను. అడుగున, పెళ్ళి శుభలేఖల కట్ట కింద, అరచేతంత పుస్తకం ఒకటి కనిపించింది. రేడియో లైసెన్సు పుస్తకం. అట్ట చెమ్మకు మెత్తబడింది. లోపల ఏడాదికొకటి చొప్పున పోస్టాఫీసు ముద్రలు. చివరి ముద్ర 1984. దాన్ని పట్టుకొని నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాను.

మా ఊరు రేపల్లె దగ్గర. నేను పుట్టింది 1973లో. మా ఇంట్లో తోలు తొడుగు వేసిన మర్ఫీ ట్రాన్సిస్టర్ ఉండేది. నాన్న పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, వాలుకుర్చీలో కూర్చొని దాని చెవి తిప్పేవారు. ప్రాంతీయ వార్తలు, పాడిపంటలు. ఆయన వింటున్నంతసేపూ మేం ముగ్గురం నేల మీద కూర్చొని కిక్కురుమనకుండా వినేవాళ్ళం. మా ఇంట్లో గోడ గడియారం లేదు. పొద్దున 6:55కి 'ఇయం ఆకాశవాణీ' అంటూ సంస్కృత వార్తలు మొదలైతే నేను నూతి దగ్గరికి నీళ్ళు పోసుకోవడానికి పరుగెత్తాలి. తర్వాత ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలయ్యేసరికి చద్దన్నం ముందు ఉండాలి. సెల్లులు నీరసపడి గొంతు గరగరమంటే, వాటిని తీసి పిట్టగోడ మీద ఎండబెట్టేవాళ్ళం. ఇంకో నాలుగు రోజులు పలికేది.

నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆ పుస్తకం వాసన చూస్తే ఆయన వాలుకుర్చీ గుర్తొచ్చింది.

ఆ పదేళ్ళలో మీ ఇంట్లో అందరూ ఏ వస్తువు చుట్టూ చేరేవారు? పేర్ల జాబితాలు వద్దు. ఒక్క వస్తువు, ఒక్క రోజు చెప్పండి చాలు.


నల్గొండ నేల | ఆదివారం, ఉదయం 9:15

రేడియో అనగానే నాకు గుర్తొచ్చే రోజు 1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం. ఆ చీకటి నీడ సరిగ్గా మా జిల్లా మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళ జపాల్-రంగాపూర్ వేధశాలకు దేశవిదేశాల నుంచి శాస్త్రవేత్తలు వచ్చారని మా మాస్టారు చెప్పారు. కళ్ళతో నేరుగా చూడవద్దని అప్పటికి వారం రోజులుగా చెబుతూనే ఉన్నారు. ఆ మాటకు భయపడి ఊళ్ళకు ఊళ్ళు తలుపులు బిగించుకున్నాయి. మధ్యాహ్నానికి మా వీధిలో కుక్క కూడా లేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పెద్దక్క కడుపుతో ఉంది. ఆమెను లోపలి గదిలో పడుకోబెట్టి కిటికీకి దుప్పటి కట్టారు. నానమ్మ పచ్చడి జాడీల మీద, పెరుగు ముంత మీద గరిక వేసింది. మమ్మల్ని నడింట్లో కూర్చోబెట్టి తలుపు గడియ పెట్టింది. బయటికి వెళ్ళకుండానే నేను గ్రహణం చూశాను. ఎలాగంటే, మాది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి పేడతో అలికిన నేల మీద రోజూ గుండ్రటి ఎండ చుక్కలు పడేవి. వాటిలో కాళ్ళు పెట్టి ఆడుకునేవాళ్ళం. ఆ రోజు ఆ చుక్కలన్నీ ఒక పక్క కొరికినట్టయ్యాయి. చూస్తుండగానే నెలవంకలయ్యాయి. నేల నిండా నెలవంకలు, అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. తర్వాత గోరంత సన్నబడి, ఒక్కసారిగా మాయమయ్యాయి. రెండు నిమిషాలకు పైగా చీకటి. పెరట్లో వేపచెట్టు మీద కాకులు గూటికి చేరే అరుపులు వినిపించాయి. నానమ్మ నా చేయి పట్టుకుంది. ఆమె చేయి వణకడం నేను అంతకు ముందు చూడలేదు.

మళ్ళీ నెలవంకలు వచ్చాయి, ఈసారి అటు తిరిగి. తమ్ముడు వాటిని ఏరుకోవడానికి నేల మీద చేత్తో గీకాడు.

ఇప్పుడు మా ఇంటికి స్లాబు. ఎండ చుక్కలు పడవు.


ఎనభైతొమ్మిది | ఆదివారం, ఉదయం 10:02

నేను పుట్టిందే 1989లో. ఇక్కడ వినడానికే వచ్చాను. పాతపెట్టె గారూ, ఒక సందేహం. రేడియో వినడానికి లైసెన్సు ఎందుకు? తుపాకీకి, బండికి ఉంటుందని తెలుసు. రేడియోకు కూడా ఉండేదా?


పోస్టుడబ్బా | ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఉండేది నాయనా. నేను తపాలా శాఖలో 35 ఏళ్ళు చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. లైసెన్సుల కౌంటరులో కూర్చున్నవాణ్ణి కూడా. కొన్న ప్రతి రేడియోకూ పోస్టాఫీసులో పుస్తకం రాయించుకోవాలి. మొదటి పేజీలో మనిషి పేరు, చిరునామా, రేడియో ఏ కంపెనీది, దాని నంబరు ఎంత అని రాసేవాళ్ళం. ఏడాదికోసారి వచ్చి రుసుము కడితే లోపలి పేజీలో ముద్ర వేసి ఇచ్చేవాళ్ళం. గడువు దాటితే అదనం. తనిఖీకి మనిషి వస్తున్నాడని తెలిస్తే కొందరు రేడియోను వడ్ల గాదెలో దాచేవాళ్ళు. టీవీలు వచ్చిన కొత్తలో వాటికీ ఇదే పద్ధతి. ఎనభైల మధ్యలో అంతా ఎత్తేశారు. మీ పుస్తకంలో ముద్రలు 1984తో ఆగింది అందుకే.

ఆ రోజుల్లో మా కౌంటరు ముందు నిలబడే జనాన్ని చూస్తే ఊరి సంగతులన్నీ తెలిసేవి. కార్డు 15 పైసలు. చాలామందికి కార్డుతో పాటు రాసేవాళ్ళు కూడా కావాలి. ఒకామె సైన్యంలో ఉన్న కొడుక్కి నెలకో కార్డు రాయించేది. మొదటి నెల 'నువ్వు కులాసా అని తలుస్తాను' అని నేను సొంతంగా కలిపి రాస్తే, చదివించుకొని, 'ఆ మాట నేను అనలేదుగా, కొట్టెయ్యండి. ఎద్దు కుంటుతోందని రాయండి, వాడికి అది తెలియాలి' అంది. ఆ తర్వాత ఎవరి ఉత్తరంలోనూ నా మాట ఒక్కటి కూడా చేర్చలేదు.

తంతి, అంటే టెలిగ్రాం, వస్తే మాత్రం చేతులాడేవి కావు. పెళ్ళి శుభాకాంక్షలకు కూడా తంతులు వచ్చేవి. కానీ వీధిలో తంతి మనిషి సైకిలు ఆగితే ఆ ఇంటి ఆడవాళ్ళు విప్పకముందే ఏడుపు మొదలుపెట్టేవాళ్ళు. అందుకని మా తంతి బంట్రోతు శుభవార్త అయితే వీధి మొదట్లోనే బెల్లు గట్టిగా మోగిస్తూ వచ్చేవాడు. ఎవరూ చెప్పలేదు, తనకు తానే పెట్టుకున్న నియమం.


పొట్టుపొయ్యి | ఆదివారం, మధ్యాహ్నం 3:10

అందరి మాటలూ చదివాను, బాగున్నాయి. కానీ ఒక్క మాట అడగాలి. పాతపెట్టె గారూ, మీరు ముగ్గురూ నేల మీద, నాన్నగారు కుర్చీలో కూర్చొని రేడియో విన్నారు. అమ్మగారు ఎక్కడ కూర్చునేవారు?

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. మాది రాజమండ్రి. మా ఇంట్లో అందరం చేరింది రంపపు పొట్టు పొయ్యి చుట్టూ. చేరడం కాదు, అమ్మ ఒక్కతే దాని దగ్గర ఉండేది, మేం అన్నానికి వెళ్ళేవాళ్ళం. ఆ పొయ్యి చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. పాత డబ్బాకు కింద పక్కన గుండ్రంగా రంధ్రం చేయిస్తారు. డబ్బా మధ్యలో రోకలిబండ లాంటి నున్నటి కర్ర నిలబెట్టి, కింది రంధ్రంలోంచి ఇంకో కర్ర దాని మొదలుకు తగిలేలా దూర్చి, చుట్టూ పొట్టు పోసి పిడికిలితో దట్టించాలి. వదులుగా ఉంటే మధ్యలో కూలిపోతుంది, అన్నం సగంలో ఆగిపోతుంది. బాగా దట్టించాక రెండు కర్రలనూ తిప్పుతూ, పొట్టు రాలకుండా, మెల్లగా లాగాలి. అప్పుడు లోపల గొట్టంలా దారి పడుతుంది. కింద నిప్పు పెడితే రెండు మూడు గంటలు నిలకడగా మండుతుంది. అమ్మ రాత్రి పదింటికి, అందరూ పడుకున్నాక, మర్నాటి కోసం ఈ పని చేసేది. పిడికిలి దెబ్బ చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని. దబ్, దబ్, ఆగి, మళ్ళీ దబ్.

శనివారం సామిల్లు నుంచి గోనెసంచిలో పొట్టు మోసుకురావడం నా పని. అన్నయ్యలు ఇద్దరున్నా నా పనే. రేషను కిరోసిను చాలేది కాదు, గ్యాసు కోసం పేరు రాయించి ఏళ్ళు గడిచాయి. 1988లో సిలిండరు ఇంటికొచ్చిన రోజు అమ్మ దాని ముందు ముగ్గు వేసింది. ఆ రోజు మధ్యాహ్నం ఒంటి గంటకు పని ముగించుకొని వచ్చి గుమ్మంలో ఊరికే కూర్చుంది. మా అమ్మ పగటిపూట ఊరికే కూర్చోవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. నాకు పదిహేనేళ్ళు.

ఆ రోజులు ఎంత బాగుండేవో అని అన్నయ్యలు అంటారు. వాళ్ళకు బాగున్నాయి, అందులో అబద్ధం లేదు. నాకూ కొన్ని బాగున్నాయి. అమ్మకు ఎలా ఉన్నాయో అడగకుండానే ఆమె పోయింది.


పాతపెట్టె | ఆదివారం, సాయంత్రం 4:45

మీ ప్రశ్న చదివి చాలాసేపు జవాబు రాయలేకపోయాను. అమ్మ వంటింటి గుమ్మానికి అవతల ఉండేది. రేడియో వెనుక భాగం ఆమె వైపు. వినబడేదో లేదో నాకు తెలియదు. అమ్మ ఇప్పుడు నా దగ్గరే, గుంటూరులో ఉంటోంది. అడగాలి.


జగిత్యాల | ఆదివారం, రాత్రి 8:20

మా నాన్న 1981లో దుబాయి వెళ్ళారు. మా వాడలో అప్పటికే ఏడెనిమిది ఇళ్ళ నుంచి మగవాళ్ళు గల్ఫ్‌లో ఉన్నారు. ఉత్తరం చేరడానికి రోజులు పట్టేది, పైగా అమ్మకు చదువు రాదు. ఇంకొకరితో చదివిస్తే మనసులో మాట బయటపడుతుంది. అందుకని మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు నాన్న ఒక టూ ఇన్ వన్ టేప్ రికార్డరు, ఖాళీ క్యాసెట్లు తెచ్చి, ఎలా నొక్కాలో అమ్మకు నేర్పి వెళ్ళారు. అప్పటి నుంచి ఉత్తరాల బదులు క్యాసెట్లే. ఎవరైనా ఊరికి వస్తుంటే వాళ్ళ సంచిలో నాన్న క్యాసెట్ వచ్చేది. వాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు మాది వెళ్ళేది.

క్యాసెట్ వచ్చిన రాత్రి తలుపు వేసి అందరం మంచం మీద చేరేవాళ్ళం. ముందు ఒక దగ్గు, తర్వాత కొంచెంసేపు ఏమీ ఉండదు, వెనుక ఏదో యంత్రం తిరుగుతున్న రొద. అప్పుడు నాన్న ఒక్కొక్కరి పేరూ పిలిచి మాట్లాడేవారు. నా పేరు పిలిచాక, నేను జవాబు చెప్పడానికన్నట్టు కాస్త ఆగేవారు. నేను నిజంగానే చెప్పేవాణ్ణి. 'బాగా చదువుతున్నావా?' అంటే 'చదువుతున్న బాపూ' అనేవాణ్ణి. అమ్మ నవ్వేది కాదు, మందలించేది కాదు. ఆమె వంతు వచ్చినప్పుడు మమ్మల్ని బయటికి పంపి ఒక్కతే వినేది.

మేం పంపే క్యాసెట్ కూడా ఒక రోజంతా పట్టేది. నానమ్మ ఆ పెట్టెకు దగ్గరగా వంగి, కొడుకు దూరంగా ఉన్నాడు కాబట్టి గట్టిగా అరిచి చెప్పేది. తమ్ముడు ఎక్కాలు అప్పజెప్పేవాడు. ఒకసారి అమ్మ ఏమీ మాట్లాడకుండా, కొత్తగా ఈనిన గేదె దూడ అరుపును, వాన చూరు మీద పడే చప్పుడును పట్టి పంపింది. ఆ ముక్కను అరిగిపోయేదాకా విన్నానని నాన్న తర్వాత చెప్పారు.

ఆ రోజుల్లో క్యాసెట్లు కొనాలంటే డబ్బు. నాన్న మాటల మీదే మా మాటలు, మా మాటల మీదే నాన్న మాటలు పట్టుకుంటూ పోయాం. ఇప్పుడు మిగిలింది రెండే. ఒకదాని చివర, చెరపగా మిగిలిన నానమ్మ గొంతు మూడు మాటలు ఉంది. 'ఇంకేంది బిడ్డా, పైలం' అని.


ఖరగ్‌పూర్ కాలనీ | ఆదివారం, రాత్రి 10:05

జగిత్యాల వారి మాటలు చదివి నిద్ర పట్టేలా లేదు.

మాది రైల్వే కుటుంబం. తాతగారి కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్‌కు వచ్చేశాం. అక్కడ మాలాంటి తెలుగు కుటుంబాలు వేలల్లో. బయట బెంగాలీ, హిందీ, ఇంట్లో తెలుగు. మాకు తెలుగు ఆకాశవాణి రాత్రిపూటే అందేది. పగలు వట్టి గర్రుమనే శబ్దం. చీకటి పడ్డాక మధ్య తరంగాలు దూరం వస్తాయని నాన్న చెప్పేవారు. రేడియోను కిటికీ చువ్వకు ఆనించి, పట్టీపట్టనట్టు పట్టుకొని, పెట్టెను అంగుళం ఇటు, అంగుళం అటు తిప్పితే ఎక్కడో ఒకచోట తెలుగు మాట తగిలేది. తగలగానే ఇంట్లో ఎవరూ కదలకూడదు. మద్దెల దరువు పది మెట్లు వినిపించి, అల వెనక్కి పోయినట్టు పోయేది. నాటకం సగం విని, మిగతా సగం మాకు మేమే కల్పించుకునేవాళ్ళం.

1983 జూన్ 25 రాత్రి మాత్రం భాషతో పని పడలేదు. లార్డ్స్‌లో మన జట్టు 183 పరుగులకే ఆలౌటయింది. అంతా ముగిసిందనుకొని సగం కాలనీ నిద్రపోయింది. కపిల్ దేవ్ వెనక్కి పరుగెత్తి రిచర్డ్స్ క్యాచ్ పట్టాడని రేడియోలో చెప్పినప్పుడు పక్క క్వార్టరు బెంగాలీ పెద్దాయన గోడ దూకి మా ఇంట్లోకి వచ్చేశారు. అర్ధరాత్రి దాటాక ప్లేట్లు, గరిటెలు పట్టుకొని అన్ని భాషల వాళ్ళం వీధిలోకి వచ్చాం.


పెన్నహోబిలం | సోమవారం, ఉదయం 6:30

మాది అనంతపురం జిల్లా. మా పిల్లల లోకం తిరిగింది వీధి బోరు చుట్టూ. వేసవిలో తెల్లవారుజామున మూడింటికే బిందెలు వరసలో పెట్టి, ఎవరి బిందె ముందు వాళ్ళు పడుకునేవాళ్ళం. ఆ వరసలోనే అచ్చనగండ్లు, పొడుపు కథలు. అదొక సరదాగా ఇప్పుడు చెప్పుకుంటాం. నిజానికి నిద్ర చాలక బడిలో తూగేవాళ్ళం.

రామారావు గారు 1983లో ముఖ్యమంత్రి అయ్యాక వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం సంగతి నాకు వయసుతో గుర్తు. అప్పటిదాకా మా ఇంట్లో వరి అన్నం పండగకే. మిగతా రోజులు సంగటి, కొర్రలు. తొమ్మిదేళ్ళ పిల్లకు అన్నం అంటే పండగ అన్నట్టే. రేషను కార్డు మీద బియ్యం వచ్చిన మొదటి వారం మా అమ్మ వరసగా మూడు రోజులు అన్నం వండింది. నాలుగో రోజు మా తాత 'నా సంగటి నాకు వండమ్మా, ఒంట్లో బలం లేదు' అన్నాడు.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పలక మీద ఊరి పేరు, తాలూకా పేరు రాయడం కష్టపడి నేర్చుకున్న నా చెల్లెలు మళ్ళీ కొత్త పేరు నేర్చుకోవాలని ఏడ్చింది. అంతకు ముందు ఏడాదే కరణాలు, మునసబుల పదవులు రద్దయ్యాయి. మా ఊరి కరణం ఇంటి ముందు అప్పటిదాకా చెప్పులు విడిచి నడిచేవాళ్ళు. ఒక రోజు మా నాన్న చెప్పులతోనే నడిచి వెళ్ళాడు. నేను ఆయన వేలు పట్టుకొని ఉన్నాను. ఆయన చేయి కొంచెం బిగుసుకుంది. ఇంకేమీ జరగలేదు. ఎనభైలు అంటే నాకు ముందు ఆ నడకే గుర్తొస్తుంది.


నిర్వాహకుడు | సోమవారం, ఉదయం 9:00

పెన్నహోబిలం గారి జ్ఞాపకం కింద ఇప్పటి పార్టీల గురించి వచ్చిన ఆరు వ్యాఖ్యలు తొలగించాను. ఇక్కడ ఇంటి సంగతులే రాద్దాం.


ఎనభైతొమ్మిది | సోమవారం, మధ్యాహ్నం 1:15

పోస్టుడబ్బా గారూ, పుస్తకం మొదటి పేజీలో రేడియో నంబరు కూడా ఉంటుందన్నారు కదా. పాతపెట్టె గారు ఆ పేజీ ఫోటో పెడితే చూడాలని ఉంది.


పాతపెట్టె | సోమవారం, రాత్రి 7:30

అట్ట, మొదటి పేజీ చెమ్మకు అతుక్కుపోయాయి. లాగితే చిరుగుతుందేమోనని వదిలేశాను.


పోస్టుడబ్బా | సోమవారం, రాత్రి 8:10

లాగవద్దు. ఆవిరి కూడా పట్టవద్దు, సిరా పాకుతుంది. రెండు రోజులు ఫ్యాను కింద నిలబెట్టి ఆరనివ్వండి. తర్వాత పల్చగా చెక్కిన కొబ్బరి ఈనెను మూల నుంచి లోపలికి జారుస్తూ, ఊపిరి బిగబట్టినంత నెమ్మదిగా రండి. తడిసిన మనియార్డరు ఫారాలు ఇలాగే విప్పేవాళ్ళం. 1986 ఆగస్టు గోదావరి వరదల తర్వాత కోనసీమలో పనిచేసిన మిత్రుడు నేర్పిన పద్ధతి.


పొట్టుపొయ్యి | సోమవారం, రాత్రి 9:40

ఆ వరద మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. మా గట్టు మీద నిలబడి చూస్తే అవతలి ఒడ్డు లేదు. ఎర్రటి నీళ్ళ మీద గడ్డివాములు వాములుగానే తేలుతూ పోయాయి, ఒకదాని మీద కోళ్ళు ఉన్నాయి. లంకల నుంచి వచ్చిన నలుగురు మా ఇంట్లో పన్నెండు రోజులున్నారు. ఆ పన్నెండు రోజులూ అమ్మ రాత్రిపూట రెండు డబ్బాలు దట్టించింది.

నిన్న నా మాట కటువుగా అనిపిస్తే మన్నించండి పాతపెట్టె గారూ. నాన్నగారి మీద మీకున్న ప్రేమను తక్కువ చేయాలని కాదు.


పాతపెట్టె | గురువారం, రాత్రి 9:55

కటువుగా లేదండీ. మీరు ఆ మాట అడగకపోతే ఇవాళ జరిగింది జరిగేది కాదు.

పోస్టుడబ్బా గారు చెప్పినట్టే ఈనెతో మొదటి పేజీ విప్పాను. మూల కొంచెం పోయింది, రాత మిగిలింది. మర్ఫీ అని ఉంది, నంబరు ఉంది, ఊరి పేరు ఉంది. పైన, లైసెన్సుదారు పేరు రాసే చోట, మా అమ్మ పేరు ఉంది.

నాన్న పేరు కాదు. ఆ వరస రెండుసార్లు చదివి పుస్తకం పట్టుకొని అమ్మ గదిలోకి వెళ్ళాను. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని చూసి, 'ఇది ఇంకా ఉందా' అంది. అప్పుడు చెప్పింది. 1976లో రేడియో కొన్నది అమ్మ. రెండు గేదెల పాలు కేంద్రానికి పోసేది. పక్షానికోసారి వచ్చే డబ్బులో ఇంటికి ఇవ్వాల్సింది ఇచ్చి, మిగిలింది పసుపు డబ్బాలో వేసేది. ఏడాదికి పైగా కూడబెట్టింది. మా పెద్దమామయ్యను తోడు తీసుకొని రేపల్లె వెళ్ళి కొన్నది. పోస్టాఫీసులో పుస్తకం రాసే ఆయన మామయ్యను చూసి 'ఈమె భర్త పేరు చెప్పండి' అన్నాడట. అమ్మ ముందుకు వచ్చి 'డబ్బు నాది, నా పేరే రాయండి' అంది. చెబుతుంటే డెబ్బై అయిదేళ్ళ మా అమ్మ వీపు నిటారుగా అయింది.

ఎప్పుడు వినేదానివమ్మా అని అడిగాను. మేం బడికి, నాన్న పొలానికి వెళ్ళాక, మధ్యాహ్నం ఎంగిళ్ళెత్తి, రేడియోను వంటింట్లోకి తెచ్చుకునేది. ఆడవాళ్ళ కార్యక్రమం, తర్వాత పాటలు. అది వింటూ రుబ్బేది, బియ్యంలో రాళ్ళేరేది. నాన్న వచ్చే వేళకు ఒక చీర కొంగు ముక్కతో తుడిచి, మళ్ళీ నడింట్లో బల్ల మీద పెట్టేసేది. 'నాకు నా భాగం అయిపోయేది. సాయంత్రం మీ వంతు' అంది.

నాకు పదకొండేళ్ళు వచ్చేదాకా ఆ రేడియో మా ఇంట్లో రోజూ పలికింది. మధ్యాహ్నం దానికి ఇంకో బతుకు ఉందని ఇవాళే తెలిసింది.


జగిత్యాల | గురువారం, రాత్రి 10:20

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి అన్నా.


పొట్టుపొయ్యి | గురువారం, రాత్రి 10:31

ఇంకా అడగండి. కూర్చోబెట్టి అన్నీ అడగండి. రాసి పెట్టుకోండి.


ఎనభైతొమ్మిది | శుక్రవారం, ఉదయం 8:05

నిర్వాహకులకు ఒక మనవి. పాతపెట్టె గారు ఒప్పుకుంటే శీర్షికలో 'నాన్న రేడియో' అన్న మాటను 'అమ్మ రేడియో' అని మార్చవచ్చు కదా?


నిర్వాహకుడు | శుక్రవారం, ఉదయం 9:00

పాతపెట్టె గారు సరేనంటే మారుస్తాను.


పాతపెట్టె | శుక్రవారం, రాత్రి 8:15

అమ్మను అడిగాను. మార్చవద్దంది. 'పేరు నాదైతే ఏం, ఎండలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి ఏటా ముద్ర వేయించుకొచ్చింది మీ నాన్నే. ఒక్క ఏడు కూడా గడువు దాటనివ్వలేదు' అంది. ముద్రల తేదీలు చూశాను. నిజమే, ఒక్కటీ ఆలస్యం కాలేదు.

రేడియో ఒంగోలులో చెల్లెలి దగ్గర ఉంది. ముల్లును నడిపే దారం తెగిపోయిందట, మిగతాదంతా బాగానే ఉన్నట్టుంది. ఆదివారం తెస్తోంది. ఆ దారం మళ్ళీ చుట్టగలిగిన మనిషి గుంటూరులో ఎవరైనా ఉంటే చెప్పండి. అమ్మ మధ్యాహ్నం రెండింటి లోపు కావాలంటోంది.